మెరూన్ కారు మీద నీలం గీత

ఇబ్రహీంపట్నంలో బస్ డిపో దాటగానే సాగర్ రోడ్డుకు ఎడమ పక్క మహేశ్వర్ దుకాణం. నంబర్ ప్లేట్లు రాస్తాడు, ఆటోల మీద పేర్లు రాస్తాడు, కారు అద్దాలకు స్టిక్కర్లు అంటిస్తాడు. చుట్టుపక్కల ఊళ్లలో ఏ బండి వెనక 'అమ్మ దీవెన' అని కనిపించినా అది నూటికి తొంభై పాళ్లు అతని చేతిరాతే.

రెండు వేల అయిదు, ఆరు సంవత్సరాల్లో అతనికి చేతినిండా పని. హైదరాబాద్ ఉబ్బి ఉబ్బి మా వైపు పొంగిన కాలం అది. కంది చేలన్నీ వెంచర్లయ్యాయి. నిన్నటిదాకా బర్రెల వెనక నడిచినవాళ్లు ఇవాళ కారు వెనక పేరు రాయించుకోవడానికి మహేశ్వర్ దుకాణం ముందు నిలబడ్డారు. పొలం అమ్మినవాడికి ముందు కారు వచ్చేది, డ్రైవింగ్ తర్వాత ఎప్పుడో వచ్చేది. కొందరికి రానే లేదు, అయినా నడిపారు.

పని పనే గానీ మహేశ్వర్ ప్రాణమంతా దుకాణంలో వెనక గోడకున్న అద్దాల పెట్టెలో ఉండేది. అందులో అరచేతిలో పట్టే బొమ్మ కార్లు, నలభై దాకా. నలభై ఏళ్ల మనిషికి ఈ పిచ్చేమిటని నవ్వినవాళ్లు కూడా దగ్గరికి వచ్చి చూస్తే నవ్వు ఆపేవాళ్లు. ఎందుకంటే అవి కొన్న బొమ్మలు కావు, ఊళ్లో తిరిగే బండ్లు. సర్పంచ్ జీపు అందులో ఉంది. కాలేజీ పిల్లల్ని తెచ్చే తెల్ల వ్యాను ఉంది. ఆర్.ఎం.పి. డాక్టర్ పాత ఫియట్ ఉంది, డాక్టర్ పోయాడు గానీ బండి అక్కడ అలాగే ఉంది.

ఆదివారం కోఠి ఫుట్‌పాత్ మీద బొమ్మ కార్లు ఏరుకొస్తాడు. తెచ్చినదాన్ని థిన్నర్‌తో తుడిచి తుడిచి దాని రంగు ఊడగొడతాడు. తర్వాత అస్తరు రంగు, దాని మీద సన్న గరుకు కాగితంతో నీళ్లు పెట్టి రుద్దుడు, ఆ మీద అసలు రంగు మూడు పూతలు. కిటికీల అంచులు గీయడానికి ఉడుత తోక వెంట్రుకల బ్రష్ తనే కట్టుకుంటాడు. హెడ్‌లైట్ మెరవడానికి రంగులేని గోళ్ల పాలిష్ ఒక్క చుక్క. సీటు కవర్లకు భార్య యాదలక్ష్మి జాకెట్ ముక్కలు. బంపర్‌కు వేలాడే నిమ్మకాయకు ఆవగింజ, మిరపకాయలకు పచ్చ దారం తునకలు. ఆ ఆవగింజకు పసుపు రంగు వేసేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు.

అతనికి ఒక పద్ధతి ఉంది. కారును షోరూంలోంచి వచ్చినట్టు చేయడు. తను చివరిసారి చూసినప్పుడు ఎలా ఉందో అలా చేస్తాడు. సొట్ట ఉంటే సొట్ట పెడతాడు, బురద ఉంటే బురద అద్దుతాడు.

"కొత్త బండి ఎవడన్న చేస్తడు," అనేవాడు. "గీరుకున్నదాన్ని చూస్తేనే గదా, ఇది ఫలానోనిది అని తెలిసేది."

ఆ మాట నిజం. ఆ పద్ధతే అతన్ని పట్టిచ్చింది.

రెండు వేల ఏడు జులైలో ఒక పొద్దున సంతోషి దుకాణం మెట్లెక్కింది. భూపాల్ భార్య. ఊరి చివర వెంచర్‌ను ఆనుకుని వాళ్ల ఇల్లు. ఏడాది కింద భూపాల్ తన మెరూన్ ఇండికాతో మురుగు మోరీ గుంతలో పడి చనిపోయాడు. ఆ చావుకు ఊరంతా పోయింది, మహేశ్వర్ పోలేదు. జ్వరమని దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. ఆ తర్వాత ఈ ఏడాదిలో ఆ ఇంటి దారి తొక్కలేదు. ఇప్పుడు ఆమెను చూడగానే బ్రష్ పక్కకు జారి, రాస్తున్న నంబర్‌లో సున్నా వంకరైంది.

"మహేశన్నా, నీతోని ఒక పని పడ్డది," అంది సంతోషి.

"చెప్పు చెల్లె."

"వచ్చే ఆదివారం మా ఆయన సంవత్సరికం. ఫోటో ముంగట ఇష్టమైనవన్ని పెడుతున్నం. మటన్ పెడ్తం, కల్లు పెడ్తం. అన్నిటికంటె ఆయనకు ఇష్టమైంది ఆ కారు. అది తుక్కు కిందికి పోయింది. నువ్వు చిన్నగ చేస్తవట గద. జర చేసియ్యన్నా."

మా వైపు ఇది మామూలే. పోయినవాళ్లకు ఏది ఇష్టమో అది ఫోటో ముందు పెడతారు. బీడీలు పెట్టినవాళ్లున్నారు, సినిమా టికెట్ పెట్టినవాళ్లున్నారు. కారు పెట్టాలనుకున్నది మాత్రం సంతోషి ఒక్కతే.

"చేస్త," అన్నాడు మహేశ్వర్. ఇంకేం అనగలడు?

"ఆయన బండి నీకు తెల్సు. అచ్చం గట్లనే ఉండాలె." ఆమె మెట్టు దిగబోయి ఆగింది. "ఒక్క మంచి ఏందంటే అన్నా, ఆయనకు నొప్పి తెల్వలే. అక్కడికక్కడే పోయిండన్నరు డాక్టర్లు. గదొక్కటి లేకపోతే నేను ఈ ఏడాది బతుకకపోదును."

ఆమె వెళ్లిపోయాక మహేశ్వర్ చాలాసేపు ఆ వంకర సున్నాను చూస్తూ కూర్చున్నాడు.

దాచి లాభం లేదు, జరిగింది చెప్పేస్తాను. భూపాల్ అక్కడికక్కడే పోలేదు. ఆ సంగతి లోకంలో తనొక్కడికే తెలుసని అప్పటికి మహేశ్వర్ అనుకున్నాడు.

ఆ రోజు అతను ఆ వెంచర్‌లోనే ఉన్నాడు. ప్లాట్ల రాళ్లకు తెల్ల రంగు వేసి ఎర్రగా నంబర్లు రాసే పని. రెండు వందల రాళ్లు, చుట్టూ ఒక్క మనిషి లేడు. బోడి నేల మీద వరసగా పాతిన ఆ రాళ్లను చూస్తే సమాధుల మధ్య ఉన్నట్టుంటుంది. పదకొండు గంటల వేళ ముసురు పట్టింది. తడి రాయి మీద రంగు నిలవదు. నూట నలభయ్యో రాయి దగ్గర ఆపేసి, డబ్బాలు లూనా మోపెడ్‌కు కట్టుకుని బయల్దేరాడు.

మలుపు దగ్గర మోరీ కోసం తవ్విన గుంతలో కారు ముందుకు పొడుచుకుని పడి ఉంది. వెనక చక్రం ఒకటి ఇంకా మెల్లగా తిరుగుతోంది. ఎడమ పక్క అతని వైపుకు ఉంది. మెరూన్ రంగు, వెనక తను రాసిన నంబరే. వెనక తలుపు మీద జానెడు పొడుగు నీలం గీత. మెరూన్ మీద నీలం, బొత్తిగా పొసగని జోడీ, ఎక్కడ గీరుకున్నాడో అనుకున్నాడు. అతని మొదటి ఆలోచన అదే. ఆ తర్వాత ఏడాదంతా తన కన్ను మీద తనకే అసహ్యం వేసింది, మనిషి కంటే ముందు రంగును చూసినందుకు.

అప్పుడు హార్న్ మోగింది. రెండుసార్లు చిన్నగా. ఆగింది. మళ్లీ రెండుసార్లు.

ఇరుక్కుపోయిన హార్న్ అలా మోగదు, ఆగకుండా మోగుతుంది. అది మనిషి చేత్తో కొట్టిన హార్న్. అదీ లూనా చప్పుడు దగ్గరికి వచ్చాకే మొదలైంది. లోపలున్నవాడు బండి చప్పుడు విన్నాడు, ఎవరో వచ్చారని పిలుస్తున్నాడు.

మహేశ్వర్ బండి ఆపాడు గానీ దిగలేదు. జంగా గుర్తుకొచ్చాడు. వాళ్ల వీధివాడే. రోడ్డు మీద పడి ఉన్న లారీ క్లీనర్‌ను పుణ్యానికి దవాఖానకు మోసుకుపోతే, నువ్వే గుద్దావేమో అని పోలీసులు మూడేళ్లు స్టేషన్ చుట్టూ తిప్పారు. ఇక్కడ చూస్తే తను ఒక్కడే, చుట్టూ రాళ్లు, వాన. అడిగితే నేను గుద్దలేదనడానికి సాక్షి ఎవడు? రోడ్డెక్కి హోటల్ దగ్గర నలుగురికి చెబుతాను, వాళ్లతో కలిసి వస్తాను అనుకున్నాడు. అలా అనుకుని కదిలాడు. వెనక హార్న్ మళ్లీ రెండుసార్లు మోగింది.

హోటల్ దగ్గర నిజంగానే నలుగురున్నారు. మహేశ్వర్ నోరు తెరిచాడు.

"ఒక చాయ్," అన్నాడు.

ఆ చాయ్ తాగాడు కూడా. "మస్తు తడిసినవ్ కదనే," అన్నాడు హోటలాయన. "అవ్, వాన," అన్నాడు మహేశ్వర్. గ్లాసు పెట్టేసి దుకాణానికి వచ్చేశాడు. ముప్పావు గంట తర్వాత మేకల కిష్టా ఆ దారిన పోతూ కారును చూసి కేకలు పెట్టాడు. అప్పటికి అంతా అయిపోయింది. ఫోన్ ఉంటే భూపాల్ తనే ఎవరినైనా పిలిచేవాడేమో, అది ఇంట్లో చార్జింగ్‌కు పెట్టి మరిచిపోయాడు.

సాగర్ రోడ్డు మీద దుకాణం పెట్టుకున్నవాడికి హార్న్ వినకుండా ఎలా గడుస్తుంది? లారీలు, బస్సులు, ఆటోలు, పొద్దున ఆరింటి నుంచి మోతే. అన్నీ ఒకెత్తు, ఎవడైనా రెండుసార్లు చిన్నగా కొడితే ఒకెత్తు. మహేశ్వర్ చేతిలో పని వదిలేసి తల ఎత్తేవాడు. మళ్లీ రెండు మోగుతాయేమోనని చూసేవాడు. అన్నం తింటూ ముద్ద మధ్యలో ఆగిపోయేవాడు. చెవిలో ఏదో మోగుతోందని చెబితే యాదలక్ష్మి నమ్మి దవాఖానకు తీసుకుపోయింది. డాక్టర్ చుక్కల మందు రాశాడు. రోజూ రెండు పూటలా భర్త తల పక్కకు వంచి ఆ చుక్కలు వేసేది, పాపం.

ఇప్పుడు ఆ కారును చేయాలి. వారం రోజులు పట్టింది. వేరే పని ముట్టుకోలేదు. ఆ మెరూన్ రంగు కుదరడానికే మూడు రోజులు. నంబర్ ప్లేట్ మీద అంకెలు గీస్తుంటే ఇది అసలు దాని మీద రాసిందీ నా చెయ్యే కదా అనిపించింది. సీట్లు, అద్దం, నిమ్మకాయ అన్నీ అయ్యాయి. చివరికి కారును ఎడమ పక్కకు తిప్పి, సన్న బ్రష్ తీసుకుని, నీలంలో చుక్క తెలుపు కలిపి, వెనక తలుపు మీద చిన్న గీత గీశాడు. గీయాలా వద్దా అని ఆలోచించలేదు. చివరిసారి చూసినప్పుడు ఉంది, అందుకని గీశాడు. పాత గీరుడే అనుకున్నాడు, ఎన్నడో పడి ఉంటుంది, అందరూ చూసే ఉంటారు. దాని మీద వార్నిష్ పూసి ఆరబెట్టాడు.

ఆదివారం యాదలక్ష్మి వంటలో సాయానికి పొద్దున్నే వెళ్లింది. మహేశ్వర్ పది గంటలకు మిఠాయి డబ్బాలో దూది పరిచి, కారును అందులో పెట్టుకుని బయల్దేరాడు.

భూపాల్ ఇంటి గేటు ముందు అతని కాళ్లు ఆగిపోయాయి.

గేటు నీలం రంగుది. అదే నీలం, చుక్క తెలుపు కలిసిన నీలం. రంగులవాడి కన్నుకు ఆ మాత్రం తెలియకపోదు. నడుమెత్తున దాని మీద మెరూన్ చార ఒకటి, వానకు ఎండకు వెలిసినా కనిపిస్తూనే ఉంది. గేటు రంగు పచ్చిగా ఉన్నప్పుడు కారు ఒరుసుకుపోయిన చార అది. అంటే ఆ గీత గేటుకు రంగేసిన ఒకటి రెండు రోజుల్లోనే పడింది. గేటుకు రంగు ఎప్పుడు వేశారో అతనికి తెలియదు గానీ, అది చావుకు ముందు రోజే అయి ఉంటే అని భయం వేసింది.

పక్కకు తిరిగి డబ్బా తెరిచి, కారు మీది నీలం గీతను గోటితో గీకాడు. రాలేదు. వార్నిష్ అద్దంలా పట్టుకుని ఉంది. థిన్నర్ దుకాణంలో ఉంది. వెనక్కి పోయి తుడుచుకొస్తే ఎవరికీ ఏమీ తెలియదు. పోదామని ఒక అడుగు వేశాడు కూడా.

"ఏం మహేశన్నా, గాడనె నిలబడ్డవ్? లోపటికి రా," అంది సంతోషి అరుగు మీద నుంచి.

హాల్లో భూపాల్ ఫోటోకు బంతిపూల దండ. ముందు విస్తరాకులో మటన్, బగారా అన్నం, పక్కన కల్లు సీసా, మడత విప్పని కొత్త అంగీ. వాటన్నిటి నడుమ కారు కోసం పీట మీద కొంచెం జాగా ఉంచారు. సంతోషి డబ్బాలోంచి కారును రెండు చేతులతో తీసింది. నంబర్ చదివింది. ఆవగింజ నిమ్మకాయను వేలితో కదిపి నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. చుట్టాలంతా ముందుకు వంగి చూశారు. ఆమె కారును మెల్లగా తిప్పింది. ఎడమ పక్కకు వచ్చేసరికి బొటనవేలు ఒకచోట ఆగింది.

తర్వాత కారు చేతిలోనే పట్టుకుని, "అన్నా, జర ఇటు రా," అని వంటింటి వైపు నడిచింది. అక్కడ యాదలక్ష్మి ఒక్కతే ఉంది, అన్నం వారుస్తోంది.

"గీ గీత ఎందుకేసినవ్?"

"ఉండె గదా."

"ఎప్పుడుండె?"

మహేశ్వర్ నాలుక మీద అబద్ధాలు సిద్ధంగానే ఉన్నాయి. క్రేన్‌వాడు చెప్పాడని అనొచ్చు. తుక్కు షెడ్డులో చూశానని అనొచ్చు.

సంతోషి ఆగలేదు. "గేటుకు ఆ ముందటి సాయంత్రమే ఆయన రంగేసిండు. తడారలే. పొద్దున కారు ఎనుకకు తీసేటప్పుడు తగిలింది. నేను చెప్దమనేలోపట్నె పోయిండు. మళ్ల చెప్దమంటే మనిషి లేడు. అందరు వచ్చేవరకు ఆ పక్క బురద కమ్మింది, క్రేన్‌తోని గుంజినప్పుడు ఆ తలుపే ఊడిపోయింది. గీ గీత నాకు తప్ప ఎవ్వరికి తెల్వది, మహేశన్నా."

అబద్ధాలు నాలుక మీదే ఎండిపోయాయి. ఏడాదిగా మోసిన బరువు, ఇక మోయలేకపోయాడు.

"నేను చూసిన," అన్నాడు.

"యాడ?"

"గుంతల ఉన్నప్పుడు. కిష్టా కంటె ముందు."

యాదలక్ష్మి గంజి గిన్నె కింద పెట్టేసింది. సంతోషి కిటికీ చువ్వ పట్టుకుంది.

"బతికుండెనా?"

"అవ్."

"నీకెట్ల తెల్సు?"

"హార్న్ కొట్టిండు."

"రెండు రెండు కొట్టిండా?" అని అడిగింది సంతోషి.

మహేశ్వర్ తల ఎత్తి ఆమెను చూశాడు. ఆ సంగతి అతను యాదలక్ష్మికి కూడా చెప్పలేదు.

"నాకు గూడ ఇనొచ్చింది," అంది సంతోషి. గొంతు పెంచలేదు. "గీడనె గిన్నెలు తోముతున్న. ఎవడో పనిలేనోడు కొడుతుండని గీ కిటికి మూసిన. అక్కడికక్కడే పోయిండన్నరు గద. అయితె గది ఆయనది కాదనుకున్న. ఏడాది సంది దినాం అదే అనుకుంటున్న. ఆయనది కాదు, ఆయనది కాదు అని."

కిటికీ అవతల వెంచర్ గోడ, గోడ మీదుగా మలుపు దగ్గరి తుమ్మ చెట్టు కొసలు. అంత దగ్గర. కేక వేస్తే వినపడేంత దగ్గర.

ఇంత దూరం వచ్చాక మహేశ్వర్ దగ్గర మిగిలింది ఒకే మాట. తను దాచుకున్నవాటిలో అన్నిటికన్నా సిగ్గుచేటైనది అదే.

"గది నీకోసం కొట్టింది కాదు చెల్లె. నా బండి చప్పుడు ఇన్నంకనే కొట్టిండు. నన్ను పిలిచిండు. నేను భయపడి పోయిన. హోటల్ల కూసోని చాయ్ తాగిన."

సంతోషి కొట్టలేదు, శపించలేదు. కొడితే బాగుండేదని ఆ తర్వాత మహేశ్వర్ చాలాసార్లు అనుకున్నాడు. కొంగుతో ముఖం తుడుచుకుని హాల్లోకి వెళ్లింది. కారును పీట మీద పెట్టి అగరుబత్తి వెలిగించింది. చుట్టాలందరికీ విస్తళ్లు వేయించింది. మహేశ్వర్‌కూ వేయించి, తనే వడ్డించింది. సంవత్సరికానికి వచ్చినవాణ్ని తిననీయకుండా పంపరు. అతను ఆ అన్నాన్ని వేళ్లతో కెలుకుతూ అందరూ లేచేదాకా కూర్చున్నాడు.

సాయంత్రం ఫోటో ముందున్నవి తీసేశారు. అంగీ భూపాల్ తమ్ముడు తీసుకున్నాడు. కల్లు పెద్దవాళ్లు తాగారు. సంతోషి కారును అదే మిఠాయి డబ్బాలో పెట్టి, అరుగు మీదున్న మహేశ్వర్ చేతికిచ్చింది.

"ఇది నా ఇంట్ల వద్దు. నీ అద్దాల పెట్టెల అన్నిటికన్న ముంగట పెట్టు. గీత రోడ్డు దిక్కు ఉండాలె. ఎవరన్న అడిగితె ఉన్నది ఉన్నట్టు చెప్పు."

యాదలక్ష్మి రెండు రోజులు భర్తతో మాట్లాడలేదు. మూడో రోజు చెవి మందు సీసా తీసుకెళ్లి చెత్తలో పడేసింది.

మహేశ్వర్ సంతోషి చెప్పినట్టే చేశాడు. కార్లను చూడ్డానికి వచ్చినవాళ్లు ముందువరసలోని ఆ మెరూన్ కారు ఎవరిదని అడుగుతారు. భూపాల్‌దని చెబుతాడు, గుంతలో ఉన్నప్పుడు చూసి కూడా ఆగకుండా వచ్చానని చెబుతాడు. మొదట్లో రంగు డబ్బాల వైపు చూస్తూ చెప్పేవాడు, ఇప్పుడు అడిగినవాళ్ల ముఖం చూసి చెబుతాడు. కొందరు ఆ తర్వాత అతనితో బండి మీద పేరు రాయించుకోవడం మానేశారు. రోడ్డు మీద హార్న్‌లు మోగుతూనే ఉంటాయి. రెండుసార్లు మోగితే అతను ఇప్పటికీ తల ఎత్తుతాడు.

ఏటా సంవత్సరికం నాడు పొద్దున సంతోషి వచ్చి మెట్టు కింద నిలబడుతుంది. మహేశ్వర్ కారును డబ్బాలో పెట్టి ఇస్తాడు. సాయంత్రం ఆమె తెచ్చి ఇచ్చేస్తుంది. ఒక్క మాట ఉండదు. ఆమె వెళ్లాక అతను డబ్బా తెరిచి చూస్తాడు. ఒక పగలంతా ఆమె బొటనవేలు పెట్టి రుద్దితే ఎంత వార్నిష్ అయినా ఎన్నాళ్లు ఆగుతుంది? ఆ నీలం గీత కొంచెం అరిగి ఉంటుంది. మహేశ్వర్ నీలంలో చుక్క తెలుపు కలిపి, సన్న బ్రష్ తీసుకుని, దాన్ని మళ్లీ గీస్తాడు.